వైఫై సిగ్నల్ నిండుగా ఉన్నా లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ రాకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ముఖ్యంగా విండోస్ 10, విండోస్ 11 లాప్‌టాప్‌లు వాడుతూ ఇంటి ఫైబర్ కనెక్షన్ మీదనో, ఫోన్ హాట్‌స్పాట్ మీదనో, హాస్టల్ వైఫై మీదనో ఆధారపడేవారి కోసం రాసినవి. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చినా, లాప్‌టాప్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలలోనే టైప్ చేయాలి. ప్రశ్నలను వరుసగా చదవనవసరం లేదు గాని, మొదటి రెండింటిని మాత్రం వదలకుండా చదవమని కోరుతున్నాము.

సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. అయినా ఇంటర్నెట్ ఎందుకు రావడం లేదు?

ఆ గీతలు చెప్పేది లాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్యనున్న రేడియో తరంగాల బలం ఒక్కటే. రౌటర్ నుంచి ఆపరేటర్ కార్యాలయం దాకా వెళ్లే లైను గురించి గాని, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి ఉన్న దారి గురించి గాని అవి ఏమీ చెప్పవు. కుళాయికీ మిద్దె మీది ట్యాంకుకూ మధ్య గొట్టం బాగున్నంత మాత్రాన ట్యాంకులోకి మునిసిపాలిటీ నీళ్లు వస్తున్నాయని అనుకోలేము కదా. వీధి చివర ఫైబర్ తెగిపోయినా, పక్క గదిలోని రౌటర్ తన వైఫైని యథాప్రకారం ప్రసారం చేస్తూనే ఉంటుంది. లాప్‌టాప్ దానిని పూర్తి సిగ్నల్‌గానే చూపిస్తుంది.

వెబ్‌పేజీ తెరుచుకునేలోపు అనేక పనులు వరుసగా జరగాలి. సిగ్నల్ అందాలి, పాస్‌వర్డ్ సరిపోవాలి, రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు ఒక ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే అంకెలు) రావాలి, రౌటర్‌కు ఆపరేటర్‌తో అనుసంధానం కుదరాలి, చివరకు వెబ్‌సైటు పేరును డీఎన్ఎస్ సర్వర్ అంకెల చిరునామాగా మార్చి ఇవ్వాలి. 'నో ఇంటర్నెట్, సెక్యూర్డ్' అని కనిపిస్తే మొదటి రెండూ పూర్తయ్యాయని అర్థం. కాబట్టి లాప్‌టాప్‌ను రౌటర్ దగ్గరకు తీసుకుపోవడం, యాంటెన్నాలను అటూ ఇటూ తిప్పడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. వెతకవలసింది ఆ తరువాతి దశలలో ఏది ఆగిపోయిందన్నదే.

లోపం లాప్‌టాప్‌లో ఉందా, రౌటర్‌లో ఉందా, లైనులో ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే రెండు పరీక్షలు చేయండి. మొదటిది, అదే వైఫైకి కలిపిన ఫోనులో మొబైల్ డేటాను ఆపివేసి, ఇంతకుముందు తెరవని వెబ్‌సైటు ఏదైనా తెరిచి చూడడం. మొబైల్ డేటాను ఆపడం తప్పనిసరి, ఎందుకంటే వైఫైలో ఇంటర్నెట్ లేదని గుర్తించిన ఫోను చాలాసార్లు మనకు తెలియకుండానే మొబైల్ డేటాకు మారిపోతుంది. దానివల్ల ఫోనులో వస్తోంది, లాప్‌టాప్‌లోనే రావడం లేదు అని పొరబడి, ఏ లోపమూ లేని లాప్‌టాప్‌లో సెట్టింగులు మార్చి కొత్త సమస్యలు తెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. రెండవది, ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌ను దానికి కలపడం. హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ చక్కగా పనిచేసి, ఇంటి వైఫైలో ఫోను కూడా పనిచేయకపోతే లోపం రౌటర్‌లోనో లైనులోనో ఉన్నట్టు. ఫోను ఇంటి వైఫైలో పనిచేస్తూ, లాప్‌టాప్ ఎక్కడా పనిచేయకపోతే లోపం లాప్‌టాప్‌లోనే ఉన్నట్టు. లాప్‌టాప్ హాట్‌స్పాట్‌లో పనిచేస్తూ, ఇంటి వైఫైలో మాత్రం ఫోను పనిచేస్తున్నా తాను పనిచేయకపోతే, లాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య చిరునామా పంపకంలోనో, రౌటర్‌లో పెట్టిన అడ్డంకిలోనో సమస్య ఉంటుంది.

ఇంకా కచ్చితంగా తెలుసుకోవాలంటే స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో 'ఐపీకాన్ఫిగ్' అని కొడితే వైఫై విభాగంలో డిఫాల్ట్ గేట్‌వే అనే వరుస కనిపిస్తుంది. అది మీ రౌటర్ చిరునామా, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. ఇప్పుడు 'పింగ్' (అవతలి చిరునామా నుంచి జవాబు వస్తోందా అని చూసే ఆదేశం) అని రాసి, ఒక ఖాళీ వదిలి ఆ చిరునామాను ఇవ్వండి. జవాబు వస్తే రౌటర్ దాకా దారి బాగున్నట్టే. తరువాత బయటి ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ చిరునామాతో 'పింగ్ 8.8.8.8' అని ఇవ్వండి. ఇక్కడ 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వస్తే రౌటర్ దాటిన తరువాత దారి ఆగిపోయిందని అనుకోవచ్చు. దీనికి కూడా జవాబు వచ్చి, గూగుల్ డాట్ కామ్ అని పేరుతో పింగ్ చేసినప్పుడు మాత్రం రాకపోతే అది డీఎన్ఎస్ సమస్య. అయితే కళాశాలల్లోనూ కార్యాలయాల్లోనూ పింగ్‌ను కావాలనే అడ్డుకుంటూ ఉంటారు కనుక, అక్కడ జవాబు రాకపోవడాన్నిబట్టి ఒక నిర్ణయానికి రాకూడదు.

ఇంట్లో ఏ పరికరానికీ ఇంటర్నెట్ రావడం లేదు. రౌటర్ మీద ఏమి చూడాలి?

ఫైబర్ కనెక్షన్ అయితే ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే, ఆపరేటర్ ఇచ్చిన పెట్టె) మీది లైట్లను చూడండి. పాన్ అనే లైటు నిలకడగా ఆకుపచ్చగా వెలుగుతూ ఉండాలి. లాస్ అనే లైటు ఎర్రగా మెరుస్తుంటే ఆపరేటర్ వైపు నుంచి రావలసిన కాంతి మీ పెట్టెకు అందడం లేదని అర్థం. దీనినే అందరూ 'రెడ్ లైట్ వచ్చింది' అంటారు. ఈ స్థితిలో లాప్‌టాప్‌లో ఏమి చేసినా ప్రయోజనం లేదు. పసుపు లేదా తెలుపు రంగు సన్నటి తీగ మంచం కోడు కింద నలిగిందా, మేకు దగ్గర మడత పడిందా, పెట్టెలో బిగించిన ఆకుపచ్చ లేదా నీలం కనెక్టర్ వదులైందా అన్నది మాత్రమే మీరు చూడగలరు. రాగి తీగలాగా ఫైబర్‌ను మడిచి కట్టకూడదు; మడత దగ్గర కాంతి బయటికి పోతుంది. ఊడిపోయిన కనెక్టర్ మొనలోకి కన్ను పెట్టి చూడడం ప్రమాదం, ఎందుకంటే అందులో వచ్చే 1490 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు గాని కంటి మీద మాత్రం పడుతుంది.

మన ప్రాంతాల్లో ఫైబర్ తెగడం అరుదైన సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ తీగలు చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగా వెళ్తాయి. స్థానిక కేబుల్ ఆపరేటర్ల తీగలు కూడా అలాగే స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతుంటాయి. గాలివాన, స్తంభాల కింద చెట్ల కొమ్మల నరికివేత, ఎత్తుగా వరిగడ్డి వేసుకుని వెళ్లే ట్రాక్టర్, రోడ్డు తవ్వే పొక్లెయిన్, వీటిలో ఏది తగిలినా ఒక వీధి మొత్తానికి ఇంటర్నెట్ ఆగిపోవచ్చు. పక్కింటివారిని అడగడం ఇక్కడ అన్నిటికంటే తొందరగా తేలే పరీక్ష.

ఎర్ర లైటు లేదు, పాన్ లైటు బాగానే ఉంది. అయినా ఎవరికీ రావడం లేదు. కారణం ఏమై ఉంటుంది?

కాంతి అందుతున్నా, ఆపరేటర్ సర్వర్ మీ ఖాతాను అనుమతించకపోతే ఇంటర్నెట్ రాదు. అనేక కనెక్షన్లలో రౌటర్‌లో పీపీపీఓఈ అనే పద్ధతిలో ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి ఉంచుతారు. ప్లాన్ గడువు ముగిసినా, బిల్లు జమ కాకపోయినా, ఎవరైనా రౌటర్ వెనుక చిన్న రంధ్రంలోని రీసెట్ బటన్ నొక్కి ఆ వివరాలు చెరిపేసినా ఇంటర్నెట్ లైటు ఆరిపోతుంది లేదా ఎర్రబడుతుంది. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు అన్న సంగతిని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచడం మంచిది. రీస్టార్ట్ అంటే కరెంటు ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టడం. దానివల్ల నష్టమేమీ లేదు. రంధ్రంలో పిన్నుతో నొక్కే రీసెట్ మాత్రం ఆపరేటర్ పెట్టిన వివరాలన్నీ తుడిచివేస్తుంది, ఆ తరువాత వారి మనిషి వచ్చేదాకా ఎదురుచూడవలసిందే.

రౌటర్‌ను ఆపి పెట్టిన తరువాత అన్ని లైట్లూ స్థిరపడడానికి నాలుగైదు నిమిషాలు ఇవ్వండి. రెండు నిమిషాలకొకసారి మళ్లీ మళ్లీ ఆపడం వల్ల, పాత అనుసంధానం ఆపరేటర్ సర్వర్‌లో ఇంకా తెరిచే ఉండి కొత్తదానిని నిరాకరించే పరిస్థితి కూడా వస్తుంది.

ఫోనులో నిజంగానే వస్తోంది, లాప్‌టాప్‌లో మాత్రమే రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయడంతో మొదలుపెట్టండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలదా అని అనిపించవచ్చు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థ కీలక భాగమూ, పరికరాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ల స్థితీ డిస్కులో భద్రపడి, తిరిగి ఆన్ చేయగానే అదే స్థితి ముందుకు వస్తుంది. రీస్టార్ట్ ఎంచుకున్నప్పుడే అన్నీ మొదటి నుంచి ప్రారంభమవుతాయి. తరచూ నిద్ర స్థితిలోకి వెళ్లి లేచే లాప్‌టాప్‌లలో వైఫై డ్రైవర్ సగం మేలుకొని, సిగ్నల్ చూపిస్తూ డేటా మాత్రం పంపని సందర్భాలు ఉంటాయి. వాటికి ఈ ఒక్క పని సరిపోతుంది.

అది కాకపోతే మన ఇంటర్నెట్‌ను మధ్యలో మరొక సర్వర్ గుండా పంపే వీపీఎన్, ప్రాక్సీలను చూడండి. వీపీఎన్ యాప్‌లలో కిల్ స్విచ్ అనే సదుపాయం ఉంటుంది. వీపీఎన్ తెగిపోతే మొత్తం ఇంటర్నెట్‌నే ఆపివేయడం దాని పని, కనుక యాప్ మూసివేసిన తరువాత కూడా అడ్డంకి మిగిలిపోవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ తెరిచి, మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపివేయండి. కళాశాల ప్రయోగశాల కోసమో, ఎక్కడినుంచో దించుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ వల్లనో ఆ సెట్టింగు చేరి ఉంటుంది. మీరు పెట్టకుండానే అది మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంటే యాంటీవైరస్‌తో పూర్తి తనిఖీ చేయించడం అవసరం. గడువు తీరిన యాంటీవైరస్‌ల ఫైర్‌వాల్ కూడా ఇలాగే దారి మూసివేయవచ్చు. అలాంటిదానిని పూర్తిగా తీసివేస్తే విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనంతట తానే బాధ్యత తీసుకుంటుంది.

ఐపీ చిరునామా 169.254తో మొదలవుతోంది. అది ఏమిటి?

అది రౌటర్ ఇచ్చిన చిరునామా కాదు. డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో రౌటర్ ప్రతి పరికరానికీ ఒక చిరునామా కేటాయిస్తుంది. అడిగినా జవాబు రాకపోతే విండోస్ తనకు తానుగా 169.254తో మొదలయ్యే ఒక తాత్కాలిక చిరునామా పెట్టుకుంటుంది. దానితో ఇంటర్నెట్‌కు వెళ్లడం సాధ్యం కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్', ఆ తరువాత 'ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ' అనే ఆదేశాలను ఇస్తే లాప్‌టాప్ పాత చిరునామాను వదిలి కొత్తదాన్ని అడుగుతుంది. స్లాష్‌కు ముందు ఒక ఖాళీ ఉండాలి, తరువాత ఉండకూడదు.

అయినా రాకపోతే రెండు కారణాలు ఊహించవచ్చు. ఒకటి, రౌటర్ దగ్గర ఇవ్వడానికి చిరునామాలు మిగలకపోవడం. హాస్టళ్లలో, పీజీలలో ఒకే రౌటర్ మీద ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీలు అన్నీ చేరినప్పుడు, వెళ్లిపోయిన వారి చిరునామాలు కూడా గడువు తీరేదాకా ఖాళీ కానందున ఇది జరుగుతుంది. రౌటర్‌ను రీస్టార్ట్ చేయడం తాత్కాలిక ఉపశమనమే. డీహెచ్‌సీపీ పరిధిని పెంచి, గడువును తగ్గించడం అసలు పరిష్కారం. రెండవది, ఎప్పుడో ఎవరో లాప్‌టాప్‌లో చిరునామాను చేత్తో పెట్టి ఉంచడం. అలాంటప్పుడు 169.254 కనిపించదు గాని, వేరే చోటి చిరునామా ఈ రౌటర్‌కు సరిపోక ఇంటర్నెట్ రాదు. వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి.

వాట్సాప్ సందేశాలు వస్తున్నాయి గాని వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. ఇది డీఎన్ఎస్ సమస్యేనా?

చాలావరకు అదే. ముందే తెరిచి ఉన్న అనుసంధానాలు నడుస్తూ, కొత్త పేర్లు మాత్రం దొరకకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. 'ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్' అనే ఆదేశంతో లాప్‌టాప్ దాచుకున్న పాత జవాబులను తుడిచివేయండి. ఫలితం లేకపోతే విండోస్ 11 సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి, డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్‌ను మాన్యువల్‌కు మార్చి, ఐపీవీ4 కింద 8.8.8.8, రెండవ చోట 1.1.1.1 ఇవ్వండి. మొదటిది గూగుల్ 2009 నుంచి, రెండవది క్లౌడ్‌ఫ్లేర్ 2018 నుంచి ఉచితంగా నడుపుతున్న సర్వర్లు. ఇలా మార్చిన సంగతిని గుర్తుంచుకోండి, ఎందుకంటే కార్యాలయంలోనో కళాశాలలోనో వారి సొంత సర్వర్ల పేర్లు ఈ బయటి డీఎన్ఎస్‌కు తెలియవు; అక్కడికి వెళ్లినప్పుడు తిరిగి ఆటోమేటిక్ చేయవలసి రావచ్చు.

కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటున్నాయి, కొన్ని ఎంతసేపు చూసినా తెరుచుకోవడం లేదు. ఎందుకు?

దీనిని పట్టుకోవడం కష్టమే, కానీ పీపీపీఓఈ వాడే ఇళ్లలో తరచుగా కనిపించే కారణం ఒకటుంది. డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది; మామూలు నెట్‌వర్క్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండవచ్చు. పీపీపీఓఈ తన వివరాలకు 8 బైట్లు వాడుకుంటుంది కనుక 1492 మాత్రమే మిగులుతాయి. రౌటర్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) విలువ 1500గానే ఉండిపోతే చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, పెద్దవి మధ్యలో ఆగిపోతాయి. కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని తిరుగుతూనే ఉండడానికి మూలం అదే. పరీక్షించాలంటే 'పింగ్ హైఫన్ ఎఫ్ హైఫన్ ఎల్ 1464 8.8.8.8' అని ఇవ్వండి. హైఫన్‌కూ దాని పక్కనున్న అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు, మిగిలిన చోట్ల ఒక్కొక్క ఖాళీ ఉండాలి. 1464కు ప్యాకెట్ ముందు చేరే శీర్షికల 28 బైట్లు కలిస్తే 1492 అవుతుంది. దీనికి జవాబు రాక, సంఖ్యను 1400కు తగ్గించినప్పుడు వస్తే రౌటర్‌లో ఎంటీయూను 1492కు, అవసరమైతే ఇంకా కొంత తక్కువకు మార్చమని ఆపరేటర్‌ను అడగండి. ఈ మాట పేరు పెట్టి అడిగితే వచ్చే సాయం, నెట్ సరిగా రావడం లేదని అడిగితే వచ్చే సాయం కంటే మెరుగ్గా ఉంటుంది.

అన్ని సైట్లూ 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అంటున్నాయి. ఇంటర్నెట్ లేనట్టేనా?

ఇంటర్నెట్ ఉంది, చాలావరకు లాప్‌టాప్ గడియారం తప్పుగా ఉండి ఉంటుంది. సురక్షిత సైట్ల ధ్రువపత్రాలకు ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. లాప్‌టాప్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే బ్రౌజర్ వాటిని నమ్మదు. తేదీని, సమయాన్ని, భారత కాలమానాన్ని సరిచేయండి. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ మళ్లీ వెనక్కి పోతుంటే, పాత లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. దానిని మార్పించడం ఖరీదైన పని కాదు.

హాస్టల్‌లో, హోటల్‌లో, రైల్వే స్టేషన్‌లో కనెక్ట్ అవుతుంది గాని లాగిన్ పేజీ రావడం లేదు. ఏమి చేయాలి?

ఇలాంటి చోట్ల వైఫై ముందుగా మిమ్మల్ని ఒక లాగిన్ పేజీకి మళ్లించి, ఫోన్ నంబరు తీసుకుని, ఓటీపీ సరిచూసిన తరువాతే దారి వదులుతుంది. స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ అందించే రైల్‌వైర్ వైఫై కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. సురక్షిత సైట్లను మధ్యలో మళ్లించడం కుదరదు గనుక, మీరు అలాంటి సైటు తెరవడానికి ప్రయత్నిస్తున్నంతసేపూ ఆ పేజీ కనిపించకపోవచ్చు. బ్రౌజర్‌లో 'నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్' అని పేరులో ఖాళీలు లేకుండా టైప్ చేయండి. ఎప్పుడూ సాధారణ పద్ధతిలోనే తెరుచుకునేలా తయారుచేసిన పేజీ అది, కాబట్టి లాగిన్ పేజీకి మళ్లింపు సులభంగా జరుగుతుంది. వీపీఎన్‌నూ, చేత్తో పెట్టిన డీఎన్ఎస్‌నూ లాగిన్ అయ్యేదాకా ఆపి ఉంచాలి.

ఓటీపీ భారతీయ మొబైల్ నంబరుకే వచ్చే చోట, అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చినవారు బంధువుల నంబరు వాడవలసి వస్తుంది. ఆ నంబరు ఉన్న ఫోను పక్కనే ఉండేలా చూసుకోండి. హాస్టళ్లలో మరొక ఇబ్బంది ఉంది. కొందరు నిర్వాహకులు ప్రతి విద్యార్థి లాప్‌టాప్ మ్యాక్ చిరునామాను (వైఫై పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యను) నమోదు చేసుకుని దానికే అనుమతి ఇస్తారు. విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్‌లో ఉంటే ఆ చిరునామా మారిపోయి, నిన్నటిదాకా పనిచేసిన లాప్‌టాప్ ఈరోజు ఆగిపోతుంది. ఆ ఒక్క నెట్‌వర్క్‌కు దానిని ఆపివేయండి.

మేడ మీద రిపీటర్ పెట్టాము. సిగ్నల్ అద్భుతంగా ఉంది, ఇంటర్నెట్ మాత్రం లేదు. ఎందుకు?

రిపీటర్ అంటే రౌటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే పెట్టె. లాప్‌టాప్ చూపిస్తున్నది రిపీటర్ సిగ్నల్, రౌటర్ సిగ్నల్ కాదు. రిపీటర్‌కే రౌటర్ సరిగా అందకపోతే మీకు నిండు గీతలు, శూన్యమైన ఇంటర్నెట్ మిగులుతాయి. సిగ్నల్ లేని గదిలోనే రిపీటర్ పెట్టడం చాలామంది చేసే పొరపాటు. దానిని రౌటర్‌కూ ఆ గదికీ మధ్య దారిలో, రౌటర్ సిగ్నల్ ఇంకా బాగా అందే చోట పెట్టాలి. రౌటర్ పాస్‌వర్డ్ మార్చినప్పుడు రిపీటర్‌లో కూడా మార్చకపోతే ఇదే లక్షణం కనిపిస్తుంది. స్లాబు, ఇటుక గోడలు మందంగా ఉండే మన మేడ ఇళ్లలో, వీలైతే కింది నుంచి పైకి ఒక లాన్ కేబుల్ వేయించి, పైన యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టడమే మంచిదన్నది మా దృఢమైన అభిప్రాయం.

ఆపరేటర్ ఇచ్చిన పెట్టెకు సొంతంగా కొన్న రౌటర్ కలిపాము. దాని వైఫైలో ఇంటర్నెట్ రావడం లేదు.

రెండింటి సొంత చిరునామా ఒకటే అయి ఉండవచ్చు. ఓఎన్‌టీ 192.168.1.1గానూ, కొత్త రౌటర్ కూడా 192.168.1.1గానూ ఉంటే, బయటికి వెళ్లవలసిన డేటా ఎటు పోవాలో కొత్త రౌటర్ తేల్చుకోలేదు. కొత్తదాని లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) చిరునామాను 192.168.2.1 వంటి వేరే వరుసకు మార్చండి. లేదా దానిని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేని పాత రౌటర్లలో లాన్ చిరునామాను ఓఎన్‌టీ వరుసలోనే ఎవరికీ లేని అంకెకు మార్చి, డీహెచ్‌సీపీని ఆపివేసి, కేబుల్‌ను బయటి లైను కోసం ఉండే వాన్ సాకెట్‌లో కాకుండా లాన్ సాకెట్‌లో గుచ్చితే అదే పని జరుగుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే కూడా 'నో ఇంటర్నెట్' అనే వస్తోంది.

ఫోను పక్కనే ఉంది కనుక సిగ్నల్ నిండుగానే కనిపిస్తుంది. ముందు ఆ ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఏదైనా తెరుచుకుంటుందేమో చూడండి. రోజువారీ డేటా పరిమితి ఉన్న చాలా ప్లాన్లలో, అది అయిపోగానే వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఫోనులో వాట్సాప్ ఎలాగో నడుస్తుంది గాని, లాప్‌టాప్‌కు అది ఇంటర్నెట్ లేనట్టే. విండోస్ అప్‌డేట్లు, క్లౌడ్ బ్యాకప్‌లు మనం చూడకుండానే డేటా తినేస్తాయి కాబట్టి, హాట్‌స్పాట్ నెట్‌వర్క్‌ను సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాను పొదుపుగా వాడవలసినదిగా) గుర్తుపెట్టడం అవసరం. ఆన్‌లైన్ పరీక్ష గాని, ఇంటర్వ్యూ గాని ఉన్న రోజున ఈ పనిని ముందు రాత్రే చేసి పెట్టుకోండి.

ఇంటర్నెట్ పనిచేస్తోంది, కానీ ఇంటర్నెట్ లేదని చూపే గ్లోబు గుర్తు పోవడం లేదు. అదెలా?

విండోస్ తనకు ఇంటర్నెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని ఒక చిన్న పాఠ్య ఫైలును తెచ్చుకుని, అందులో అనుకున్న మాటలే ఉన్నాయా అని చూస్తుంది. వీపీఎన్, ప్రకటనలను అడ్డుకునే డీఎన్ఎస్, ఫైర్‌వాల్ వంటివి ఆ ఒక్క సర్వర్‌ను ఆపినా, మిగతా ప్రపంచమంతా అందుబాటులో ఉన్నా, విండోస్ లేదనే అంటుంది. బ్రౌజర్ బాగా నడుస్తుంటే దీనిని పట్టించుకోనక్కరలేదు. అయితే కొన్ని మైక్రోసాఫ్ట్ యాప్‌లు ఈ గుర్తునే నమ్మి పనిచేయడానికి నిరాకరిస్తాయి. వాటి అవసరం ఉంటే అడ్డుపడుతున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను వెతకాలి.

అందరూ నెట్‌వర్క్ రీసెట్ చేయమంటున్నారు. చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మొదటి మందుగా వాడవద్దు. అది లాప్‌టాప్‌లోని నెట్‌వర్క్ భాగాలన్నిటినీ తొలగించి తిరిగి అమర్చుతుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, వీపీఎన్ అమరికలు పోతాయి. లోపం లైనులో ఉన్నప్పుడు చేస్తే పాస్‌వర్డులు పోవడం తప్ప ఫలితం ఉండదు. దానికి ముందు ఒక తేలికైన మార్గం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్' అనే ఆదేశం ఇచ్చి రీస్టార్ట్ చేయండి. నెట్‌ష్ అన్నది ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అనే అయిదు అక్షరాలు. తీసివేసిన యాంటీవైరస్‌లు, వీపీఎన్‌లు వదిలివెళ్లిన చిక్కులు చాలావరకు దీనితోనే తొలగిపోతాయి.

డ్రైవర్ పాడైందని అనుమానం. ఇంటర్నెట్ లేకుండా కొత్తది ఎలా తెచ్చుకోవాలి?

ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్‌లో వైఫై పనిచేయకపోయినా ఈ దారిలో ఇంటర్నెట్ వస్తుంది. లాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు చెందిన వైఫై డ్రైవర్‌నే దించుకోండి. అప్‌డేట్ అయిన వెంటనే సమస్య మొదలైతే, డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ ఎంచుకోవడం మరింత దగ్గరి దారి. అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కనిపిస్తే, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపడానికి ఇచ్చిన అనుమతిని తీసివేయండి. డ్రైవర్లన్నీ ఒకేసారి సరిచేస్తామని ప్రకటనలు ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల జోలికి దయచేసి వెళ్లవద్దు.

కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే?

రీస్టార్ట్ చేయడం, హాట్‌స్పాట్‌తో పరీక్షించడం వరకే మీ పని. మిగతా సెట్టింగులు కంపెనీ భద్రతా విధానాలతో ముడిపడి ఉంటాయి కనుక, మీరు చేసిన పరీక్షల ఫలితాలను ఐటీ విభాగానికి తెలియజేయండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేటప్పుడు ఏమి చెప్పాలి? ఏమి జాగ్రత్తలు తీసుకోవాలి?

నంబరును బిల్లు మీద నుంచి గాని, ఆపరేటర్ అధికారిక యాప్ నుంచి గాని తీసుకోండి. గూగుల్‌లో వెతికితే వచ్చే నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. సమస్య సరిచేస్తామంటూ ఎనీడెస్క్ వంటి, దూరం నుంచి మీ పరికరాన్ని నడిపే యాప్ పెట్టమన్నా, పరీక్ష కోసం ఒక్క రూపాయి చెల్లించమన్నా, ఓటీపీ చెప్పమన్నా వెంటనే ఫోన్ పెట్టివేయండి. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉంటే ఈ మాట వారికి ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యం అయినకొద్దీ ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం తగ్గిపోతుంది.

అసలు ప్రతినిధితో మాట్లాడేటప్పుడు నెట్ రావడం లేదు అని మాత్రమే చెబితే, రౌటర్ ఆపి పెట్టమనే జవాబే వస్తుంది. దానికి బదులు ఓఎన్‌టీ మీద ఏ లైటు ఏ రంగులో ఉందో, ఎన్ని గంటల నుంచి ఆగిపోయిందో, ఎన్ని పరికరాలలో మొబైల్ డేటా ఆపి పరీక్షించారో, గేట్‌వేకు పింగ్ వెళ్లి 8.8.8.8కు వెళ్లకపోవడం వంటి ఫలితాలేమిటో చెప్పండి. ఫైబర్ పవర్ ఎంత వస్తోందో చూడమని అడగండి. అది సుమారు మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే దిగువకు పడిపోతే స్ప్లైసింగ్‌లోనో (తీగను అతికిన చోట) కనెక్టర్‌లోనో లోపం ఉన్నట్టు వారికే తెలుస్తుంది. ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు తీసుకుని, తేదీతో రాసి పెట్టుకోండి. గడువులోగా పని జరగకపోయినా, జరిగిన పని సంతృప్తికరంగా లేకపోయినా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ డాకెట్ నంబరుతో అప్పీలు చేసుకునే హక్కు మీకు ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్క వినియోగదారుడి ఫిర్యాదును నేరుగా విచారించదు కనుక, ముందుగా ఈ రెండు మెట్లూ ఎక్కవలసి ఉంటుంది.